ముందు నేను, వెనక ఆయన: బరువుతో రామగిరి ఖిల్లా ఎక్కిన రోజు

భార్యాభర్తలు కలిసి కొండ ఎక్కేటప్పుడు ఎవరు ముందు నడవాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఏ బూట్లు కొన్నారు, ఏ బ్యాగు కొన్నారు అని నన్ను చాలామంది అడిగారు గానీ ఈ సంగతి ఒక్కరూ అడగలేదు. వీపు మీద బరువుతో రోజంతా నడిచాక మాత్రం, మిగతా వాటన్నిటికన్నా ఇదే ముఖ్యమని నాకు గట్టిగా అనిపించింది. కొత్తగా మొదలుపెట్టే జంటలకు పనికొస్తుందని రాస్తున్నాను.

మాది హనుమకొండ. నేను సర్కారు బడిలో టీచర్ని, ఆయనది కాజీపేట లోకో షెడ్డులో ఉద్యోగం. ఉత్తరాఖండ్‌లోని హర్ కీ దూన్ లోయకు మా సామాను మేమే మోసుకుంటూ వెళ్లాలని ఇద్దరికీ కోరిక. 3,500 మీటర్లు దాటిన ఎత్తు, రోజుల తరబడి నడక. గుర్రాల మీద సామాను వేసి పంపే పద్ధతి అక్కడ ఉంది, అది తప్పు కూడా కాదు. కానీ మా బరువు మేం మోయాలన్నదే మా ఇద్దరి పట్టుదల. అంటే ఇక్కడ ఉండగానే వీపుకు, మోకాళ్లకు అలవాటు చేయాలి.

హనుమకొండలో ఉన్న వసతి తక్కువేం కాదు. భద్రకాళి బండ్ మీద పొద్దున్నే ఎంతసేపైనా నడవొచ్చు, కానీ అది సమానంగా ఉండే నేల. బ్యాగులో బియ్యం సంచులు పెట్టుకుని పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కి దిగేవాళ్లం. గోవిందరాజుల గుట్ట కూడా అంతే. ఒంటికి చెమట పట్టి, ఊపిరి కుదురుకునేలోపు గుట్ట అయిపోతుంది. మాకు కావాల్సింది అలసిపోయాక కూడా ఇంకా నడవాల్సిన దారి మిగిలి ఉండే రోజు. పాకాల, ఏటూరునాగారం అడవులు బాగానే ఉంటాయి గానీ అవి అభయారణ్యాలు, అటవీ శాఖ అనుమతి లేకుండా లోపల నడవకూడదు. రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో ఆదిమానవులు గీసిన రాతి చిత్రాలున్నాయి. అక్కడికి తీరిగ్గా, చేతులూపుకుంటూ పోవాలి. బరువులు మోసుకుంటూ వాటి ముందు నుంచి వెళ్లిపోవడం నాకు ఇష్టం లేదు. అందుకని పెద్దపల్లి జిల్లాలోని రామగిరి ఖిల్లా ఖాయం చేసుకున్నాం.

సంక్రాంతి సెలవుల చివర్లో కాజీపేటలో రైలెక్కి ముందురోజు సాయంత్రమే పెద్దపల్లి చేరుకున్నాం. మా మేనత్త ఇల్లు అక్కడే. సామాను విప్పి సర్దుకున్నది కూడా ఆమె ఇంటి హాల్లోనే.

సర్దడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మొత్తం బరువు 18 కిలోలు తేలింది. గుడారం, రెండు నిద్రసంచులు, పరుపులు, చిన్న స్టవ్వు, ఫస్ట్ ఎయిడ్, తిండి, నీళ్లు. రాత్రి అక్కడ ఉండే ఆలోచన లేదు, అయినా గుడారం పెట్టాం, బరువు అలవాటు కావాలని. ఇందులో నీళ్లే 6 లీటర్లు. లీటరు నీళ్లంటే కిలో, కాబట్టి మా బరువులో మూడో వంతు నీళ్లదే. మన వైపు గుట్టల మీద జనవరిలో కూడా ఇంత పట్టుకుపోవాల్సిందే. దారిలో కొలను ఉందిగా అంటారు. కొలను నీళ్లు తాగాలంటే గుడ్డతో వడకట్టి, క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగాలి. దాన్ని ఆపద కోసం ఉంచుకోవాలి తప్ప దాని మీద ఆధారపడి బయల్దేరకూడదు.

చెరి తొమ్మిది కిలోలు అన్నారాయన. న్యాయంగానే ఉంది వినడానికి. కానీ ఆయన బరువు 74, నా బరువు 56. తొమ్మిది కిలోలంటే ఆయన ఒంటి బరువులో 12 శాతం, నా ఒంటి బరువులో 16 శాతం. కాగితం మీద లెక్కేసి చూపించాను. ఆయన బ్యాగు పదిన్నర, నాది ఏడున్నర చేస్తే ఆయనకు 14, నాకు 13 చిల్లర పడుతుంది. అలాగే సర్దాం. ఆడవాళ్లు దీన్ని సాయం అనుకోవద్దని నా మనవి. మోసే ఒంటిని బట్టి మోత ఉండాలి. చాలామంది ఆడవాళ్లు పౌరుషానికి పోయి సమానంగా మోసి, మధ్యాహ్నానికల్లా కూలబడి, ఇక ఈ కొండలు నాకొద్దు అనేయడం చూశాను. అది చాలా బాధగా ఉంటుంది.

ఇంకొకటి, నీళ్ల బరువు దారిపొడవునా తగ్గుతూ పోతుంది. ఎవరి బ్యాగులో నీళ్లు ముందు తాగితే వాళ్ల బ్యాగు ముందు తేలికవుతుంది. ఎక్కేటప్పుడు నా సీసాల్లోవి, పైకి చేరాక ఆయనవి అని అనుకున్నాం.

పొద్దున్నే మంథని పోయే బస్సెక్కి బేగంపేట దగ్గర దిగాం. మహాలక్ష్మి పథకంతో నాకు జీరో టికెట్టు, ఆయనకు మాత్రం డబ్బులు. దిగేసరికి ఇంకా మంచు తెరలు విడలేదు. పత్తి ఏరడం అయిపోయిన చేలల్లో కట్టె పీకి కుప్పలు వేస్తున్నారు. కొన్ని మడుల్లో యాసంగి నాట్లు నడుస్తున్నాయి. ఎదురుగా గుట్ట నల్లగా, పొడుగ్గా పడుకుని ఉంది. శ్రావణమాసంలో ఇక్కడ జనం కిటకిటలాడతారు. ఔషధ మొక్కల కోసం వైద్యులు, ఆయుర్వేదం చదివే పిల్లలు కూడా వస్తుంటారు. మేం వెళ్లిన రోజు మాత్రం గుట్ట కింద మేకలు కాసే పెద్దాయన ఒక్కడే ఉన్నాడు.

"ఏ ఊరు బిడ్డా మీది?" అన్నాడు.

"హన్మకొండ, తాతా."

"ఇంత బరువు ఎత్తుకొని ఏడికి పోతున్రు?"

అలవాటు కోసం అని చెప్పాను. ఆయన మా బ్యాగుల వైపు కాసేపు చూసి, "ఎండ ఎక్కకముందే ఎక్కుండ్రి, పొద్దు గూకకముందే దిగుండ్రి. ఎలుగొడ్లు తిరుగుతయి. నోరు మూసుకొని పోకుండ్రి, మాట్లాడుకుంట పోండ్రి," అన్నాడు.

ఆ చివరి మాట బంగారం. ఎలుగుబంటి మనుషుల్ని వెతుక్కుంటూ వచ్చి మీద పడదు. మనం దగ్గరికి వచ్చేదాకా దానికి తెలియక, ఒక్కసారిగా ఎదురుపడితే భయపడి దాడి చేస్తుంది. మాటల చప్పుడు ముందుగా చేరితే అదే పక్కకు తప్పుకుంటుంది. ఇక నడక తెలిసినవాళ్లు చెప్పేది ఇంకో సంగతి ఉంది: ఎక్కేటప్పుడు ఒక పూర్తి వాక్యం ఆయాసం లేకుండా మాట్లాడగలిగితేనే సరైన వేగంలో ఉన్నట్టు. రెండు మాటలకే ఊపిరి అందకపోతే అడుగు తగ్గించాలి. తాత చెప్పిన ఒక్క మాటతో రెండు పనులూ అవుతాయి.

గుట్ట మొదట్లో బ్యాగు బెల్టులు సరిచేసుకున్నాం. దీనికి ఒక వరస ఉంది. ముందు భుజం పట్టీలు వదులు చేసి బ్యాగు ఎత్తుకోవాలి. కొద్దిగా ముందుకు వంగి, నడుం బెల్టును తుంటి ఎముక పై అంచు మీదకు తెచ్చి బిగించాలి. పొట్ట మీద కాదు, ఎముక మీద. ఆ తర్వాతే భుజం పట్టీలు లాగాలి, చివర్న ఛాతీ పట్టీ. సరిగ్గా కుదిరిన క్షణం ఒంటికి తెలిసిపోతుంది. అప్పటిదాకా మెడను కిందికి గుంజుతున్న బరువు భుజాల మీది నుంచి దిగి నడుముకు చేరుతుంది. పట్టీకీ భుజానికీ మధ్య వేలు పెడితే సులువుగా దూరుతుంది. నా బ్యాగు కొనేముందు మా టైలరు దగ్గరి టేపుతో మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక నుంచి తుంటి అంచు దాకా కొలిపించుకున్నాను. మనిషి ఎత్తును బట్టి కాదు, ఆ కొలతను బట్టే బ్యాగు సైజు చూసుకోవాలి. బరువైనవి వీపుకు ఆనుకుని నడుమ భాగంలో, తేలికైనవి అడుగున, బయటి వైపున పెట్టుకోవాలి.

మొదటి ఎక్కుడు మొదలైంది. రాళ్లు పేర్చిన పాత దారి, కొన్నిచోట్ల మెట్లు చెదిరిపోయాయి. ఏళ్ల తరబడి కాళ్లు పడ్డ రాళ్లు మధ్యలో అరిగి నున్నగా ఉన్నాయి, మంచు తడికి జారుతున్నాయి. అంచున, గరుకు మిగిలిన చోట పాదం మొత్తం ఆనించి వేస్తే పట్టు దొరుకుతోంది. రెండు వైపులా టేకు, నల్లమద్ది, తునికి. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పగుళ్లుగా ఉంటుంది, ఒకసారి చూస్తే మళ్లీ మరిచిపోరు. పొదల్లో పరికి పండ్లు నల్లబడి ఉంటే నాలుగు కోసి నోట్లో వేసుకున్నాను. పులుపు, తీపి, గింజ. చిన్నప్పటి రుచి.

ఆయన కాళ్లు పొడుగు. సహజంగానే ముందు నడిచారు. నేను ఒక్కదాన్నే వెనక పడుతున్నానని తెలిసి, ప్రతి మలుపు దగ్గరా ఆగి నా కోసం చూస్తున్నారు. నేను ఆయన్ని అందుకోగానే "రా, పోదాం" అని లేస్తున్నారు. మనసులో ప్రేమే ఉంది, అందులో సందేహం లేదు. కానీ జరుగుతున్నది ఏమిటంటే, బలం ఎక్కువ ఉన్న మనిషికి ప్రతి మలుపులో విశ్రాంతి దొరుకుతోంది, బలం తక్కువ ఉన్న మనిషికి ఒక్కచోటా దొరకడం లేదు. పైగా వెనకున్నవాళ్లకు అందుకోవాలన్న టెన్షన్. కనిపించే వీపు వెంట పరిగెత్తాలనిపిస్తుంది. ఊపిరి తప్పుతుంది, అడుగు చూసి వేయడం పోతుంది.

మొదటి కోట ద్వారం దగ్గర చెప్పాను. "ఏమండీ, మీరు కూర్చుని లేస్తున్నారు. నేనింకా కూర్చోనే లేదు."

ఆయన కాసేపు ఆలోచించారు. "అయితే నువ్వే ముందు నడువు."

"మీకు మరీ మెల్లగా అయిపోతుంది."

"కానీయ్. రోజంతా ఉంది గదా."

అక్కణ్నుంచి ముందు నేను, నాలుగైదు అడుగుల వెనక ఆయన. మరీ ఆనుకుని నడిస్తే ముందున్నవాళ్లు వదిలిన కొమ్మ మొహానికి కొడుతుంది. నేను ఆగితే ఇద్దరం ఆగుతాం, బ్యాగులు దించితే ఇద్దరం దించుతాం. నిటారుగా ఉన్నచోట వెనక కాలు మోకాలు నిటారుగా పెట్టి ఒక్క లిప్త ఆగి, తర్వాత ముందు కాలు మీద బరువు వేయడం మొదలుపెట్టాను. ఆ లిప్తపాటు బరువు కండరాల మీద కాక ఎముకల మీద నిలబడుతుంది, తొడలకు ఊరట. చూసేవాళ్లకు అది నత్తనడకే. కానీ మధ్యలో ఆగడాలు తగ్గాయి కాబట్టి, రెండో ద్వారానికి మేం అనుకున్నకన్నా ముందే చేరుకున్నాం. ఆయన ఒకచోట అన్నారు, "నీ కాళ్ల వెనకే అడుగులు వేస్తుంటే నాకూ ఆయాసం లేదు," అని. ఆ మాట నాకు చాలా సంతోషాన్నిచ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన షిఫ్టులు, నా బడి, పిల్లల చదువులు. ఇద్దరం ఒకే వేగంతో గడిపిన రోజులు తక్కువ.

నడకకు పట్టే సమయం లెక్కగట్టడానికి ఒక పాత సూత్రం ఉంది. 1892లో స్కాట్లాండ్‌కు చెందిన విలియం నైస్మిత్ చెప్పింది: సమానంగా ఉన్న దారిలో గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. అంటే 100 మీటర్ల ఎత్తుకు 10 నిమిషాలు కలుపుకోవాలి. అది చలిదేశంలో ఆరోగ్యవంతుడైన మనిషికి వేసిన లెక్క. మన ఎండకు, చెదిరిన రాళ్లకు, వీపు మీది మోతకు మేం దానికి రెట్టింపు వేసుకున్నాం. ఒక గట్టి నియమం కూడా పెట్టుకున్నాం. ఎక్కడున్నా సరే, మధ్యాహ్నం ఒకటిన్నరకు వెనక్కి తిరగాలి.

పైన కోట చాలా పెద్దది. ద్వారాలు, బురుజులు, కూలిన గోడలు, తుప్పు పట్టిన ఫిరంగులు, గుడి, కొలనులు. కాకతీయుల కాలం నుంచి గోల్కొండ నవాబుల దాకా ఎన్ని చేతులు మారిందో. రాముడు వనవాసంలో ఇక్కడ ఉన్నాడని ఊళ్లవాళ్ల నమ్మకం. ఇంత ఎత్తు మీదకు ఆ ఫిరంగుల్ని ఎలా చేర్చి ఉంటారు? ఏడున్నర కిలోలతో చెమటలు కక్కుకుంటూ వచ్చాక ఆ ప్రశ్న వేరేగా అనిపిస్తుంది. వాటిని మోసినవాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ ఉండవు. ఒక ఫిరంగి మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాను.

పైనుంచి చూస్తే ఒక పక్క పచ్చటి మడులు, ఇంకోపక్క సింగరేణి ఓపెన్ కాస్ట్ గనిలో బొగ్గు కోసం పైనుంచి తవ్వి పోసిన మట్టి గుట్టలు. బూడిద రంగులో, పైన చదునుగా. మా ఇంట్లో లైటు వెలిగేది ఆ బొగ్గుతోనే, మా ఆయన షెడ్డులోని ఎలక్ట్రిక్ ఇంజన్లు నడిచేదీ కరెంటుతోనే. ఆ సంగతి తెలుసు. అయినా ఈ గుట్ట, దీని మీది మొక్కలు, ఈ కోట అలాగే ఉండాలని గట్టిగా కోరుకున్నాను. పైన ప్లాస్టిక్ సీసాలు, గుట్కా కవర్లు ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి. ఖాళీ సంచి ఒకటి తెచ్చుకున్నాం కాబట్టి కనిపించినన్ని ఏరాం. దయచేసి వెళ్లినవాళ్లు ఎవరి చెత్త వాళ్లు దించండి.

భోజనానికి మేనత్త కట్టిచ్చిన సర్వపిండి, మలీద ముద్దలు, పల్లీ పట్టీలు. చపాతీ తుంచి బెల్లం, నెయ్యి కలిపిన మలీద ఇలాంటి నడకకు భలే తిండి, పాడవదు, వెంటనే సత్తువ ఇస్తుంది. పండగ సకినాలు కూడా పెట్టింది గానీ అవి కొండ మీద దాహం పెంచుతాయి, దిగాక తినడమే మేలు. ఒకేసారి కడుపునిండా కాకుండా గంటకోసారి కొంచెం కొంచెం తిన్నాం. ఒక సీసాలో లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకున్నాం. చెమటతో పోయేది నీళ్లొక్కటే కాదు, ఉప్పు కూడా పోతుంది.

ఒకటిన్నర అయింది. ఆయనకు ఇంకా అవతలి కొస దాకా వెళ్లి అక్కడి బురుజు చూడాలని ఉంది. "పావుగంట పడుతుందంతే, మళ్లీ ఎప్పుడొస్తామో," అన్నారు. నేను కదల్లేదు. పోవడానికి పావుగంట, చూడ్డానికి పావుగంట, రావడానికి పావుగంట. జనవరిలో పొద్దు ఆరు గంటలకల్లా గూకుతుంది, చెట్ల కింద అంతకుముందే చీకటి పడుతుంది. "ఇద్దరం కలిసి పెట్టుకున్న టైమే కదండీ," అన్నాను. ఆయన ఏమీ అనకుండా బ్యాగు ఎత్తుకున్నారు. చాలా దూరం మాటల్లేవు. ఎలుగొడ్ల సంగతి గుర్తొచ్చి నేనే ఏదో ఒకటి మాట్లాడుతూ నడిచాను, బడి గురించి, పిల్లల గురించి. ద్వారం దాటాక ఆయనే "మోకాలు ఎట్లుంది?" అని అడిగారు. నాకు తెలిసి ఆ రోజు మేం తీసుకున్న మంచి నిర్ణయం అదే. హిమాలయాల్లో మధ్యాహ్నం దాటాక వాతావరణం ఎప్పుడు మారుతుందో చెప్పలేం. వెనక్కి తిరగడం ఇక్కడే నేర్చుకోకపోతే అక్కడ నేర్చుకోలేం.

దిగేటప్పుడు వరస మార్చాం. ఎత్తు ఎక్కువున్న రాళ్ల దగ్గర కింద నిలబడి చెయ్యి అందించే మనిషి కావాలి, అందుకని ఆయన ముందు, నేను వెనక. కానీ వేగం నాదే. "మెల్లగా" అంటే ఆగాలి, అది ఒప్పందం. నా కాలి కింది రాయి దొర్లితే ఆయనకు తగులుతుంది కాబట్టి సూటిగా ఆయన పైన కాకుండా కొంచెం పక్కగా నడిచాను. చేతికర్ర ఎక్కేటప్పటికన్నా కొంచెం పొడుగు చేసుకున్నాం, కర్ర ముందు, కాలు తర్వాత. ఎక్కడం కన్నా దిగడమే కాళ్లను ఎక్కువ పిండుతుంది. దిగేటప్పుడు తొడ కండరం ఒకవైపు సాగుతూనే మరోవైపు ఒంటి బరువునూ బ్యాగు బరువునూ పట్టి ఆపాలి. ఆ సాగుడుకే కండరంలోని సన్నని పోగులు దెబ్బతింటాయి. నొప్పి వెంటనే తెలియదు, మర్నాడు, ఆ మర్నాడు తెలుస్తుంది.

సగం దిగాక ఎడమ మడమ దగ్గర వేడిగా అనిపించింది. పొక్కు రాకముందు వచ్చే మంట అది. అప్పుడే ఆగాలి. బూటు విప్పి చూస్తే మేజోడు నిండా ఉత్తరేణి గింజలు, ఒకటి లోపలికి దూరి చర్మాన్ని గీకుతోంది. ఆయన కింద కూర్చుని నా కాలు ఒళ్లో పెట్టుకుని ఒక్కో గింజా పీకారు. ఎర్రబడ్డ చోట తుడిచి ఆరనిచ్చి ప్లాస్టరు అంటించి, పొడి మేజోళ్లు వేసుకున్నాను. పది నిమిషాల పని. అది చేయకుంటే మిగతా దారంతా కుంటుతూ దిగేదాన్ని.

గుట్ట దిగేసరికి ఇంకా వెలుతురుంది. తాత మేకల్ని మళ్లిస్తున్నాడు. "వచ్చిన్రా బిడ్డా" అన్నాడు. ఏరిన చెత్త సంచి చూసి తల ఊపాడు. ఆయనకు మా దగ్గర మిగిలిన సకినాలు ఇచ్చాం.

పెద్దపల్లిలో బ్యాగులు విప్పి మళ్లీ తూచాం. ఇద్దరి సీసాల్లో కలిపి లీటరుకు పైగా నీళ్లు మిగిలాయి, అంత మిగలడం సరైనదే. స్టవ్వు పక్కన పెట్టిన గిన్నెల్లో ఒకటి చాలు. రెండు టార్చిలు మాత్రం ఉండాల్సిందే, వాడకపోయినా. మర్నాటికి తొడలు పట్టేశాయి, బడిలో మేడ మెట్లు రెయిలింగు పట్టుకుని దిగాను. రెండు మూడు రోజుల్లో తగ్గింది. గుడారం మొత్తం ఆయన బ్యాగులోనే ఉండటంతో అది ఒక పక్కకు ఒరుగుతోందని తేలింది. ఈసారి గుడ్డ నా బ్యాగులో, కడ్డీలు ఆయన బ్యాగులో పెట్టి, ఆ మేరకు నా నీళ్లు ఒక లీటరు ఆయనకు మారుస్తున్నాం. శివరాత్రికి ముందే ఇంకోసారి రామగిరికి వెళ్లాలి. పొద్దున గంట ముందు బయల్దేరితే ఒకటిన్నరలోపే ఆయనకు ఆ అవతలి బురుజు చూపించొచ్చు.